రాయి కోసం, బొగ్గు కోసం వేసిన పట్టాలు: ధవళేశ్వరం క్వారీ నుంచి సామర్లకోట జంక్షన్ దాకా

పెద్దాపురం వాళ్లకి రైలంటే సామర్లకోట. ఊరికి సొంత స్టేషన్ లేదు. ఆటో ఎక్కి సుమారు 5 కిలోమీటర్లు వెళ్తే జంక్షన్ వస్తుంది. రంజాన్‌కో బక్రీద్‌కో హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చే పిల్లలు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ఇక్కడే దిగుతారు. కాజీపేట, వరంగల్, డోర్నకల్, ఖమ్మం, బెజవాడ, ఏలూరు, రాజమండ్రి... మధ్యలో వచ్చే స్టేషన్లు చాలామందికి నిద్రలోనే దాటిపోతాయి.

కానీ ఆ ఒక్క రాత్రి ప్రయాణంలో మనం కనీసం మూడు వేర్వేరు రైల్వేల మీదుగా వస్తున్నాం. వాటిని వేసినవాళ్లు వేరు, డబ్బు పెట్టినవాళ్లు వేరు, వేసిన కారణాలు కూడా వేరు. డోర్నకల్ చుట్టుపక్కల పట్టాల వెనక బొగ్గు ఉంది. బెజవాడ నుంచి ఇటు వచ్చే లైను వెనక రేవులు, కరువులు ఉన్నాయి. ఇంకాస్త వెనక్కి వెళ్తే, గోదావరి జిల్లాలో మొట్టమొదట పరిచిన పట్టాలు మనుషుల కోసం వేసినవే కావు. వాటి మీద ప్రయాణించింది రాయి.

కొండ నుంచి ఏటి దాకా

మన దేశంలో రైలు ఎప్పుడు మొదలైందని అడిగితే బడిపిల్లలు కూడా చెప్తారు: 1853 ఏప్రిల్ 16, బొంబాయి నుంచి ఠాణా. దక్షిణాదిలో అయితే 1856 జూలై 1, మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు. ఈ తేదీలు నిజమే గానీ అవి ప్రయాణికుల రైలు తేదీలు. పట్టాలు అంతకంటే ముందే వచ్చాయి.

మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్‌లో 1837లోనే పట్టాల దారి నడిచింది. రోడ్లు వేయడానికి అక్కడి ఎర్రరాయిని నగరానికి తేవడం దాని పని. ఆవిరి యంత్రంతో లాగించే ప్రయత్నం కూడా చేశారు గానీ ఎక్కువ భారం మోసింది పశువులే. ఆ పని వెనక ఉన్న ఇంజనీరు ఆర్థర్ కాటన్. తర్వాత గోదావరి మీద ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఆయనే.

కాటన్ రాజమండ్రి జిల్లాకి 1844లో వచ్చారు. అప్పటికి జిల్లా పరిస్థితి ఎలా ఉందో రెండు అంకెలు చాలు: 1821లో ఇక్కడి జనాభా సుమారు 7.38 లక్షలు, 1841 నాటికి 5.61 లక్షలు. ఇరవై ఏళ్లలో జనాభా పెరగాల్సింది పోయి నాలుగో వంతు దాకా తగ్గిపోయింది. కరువులు, తుపాన్లు, ఊళ్లొదిలి పోవడాలు, వాటి మీద పన్నుల భారం. పక్కనే గోదావరి పొర్లుతూ సముద్రంలో కలుస్తుంటే చేలు ఎండిపోయేవి.

ఆనకట్టకి ఈస్టిండియా కంపెనీ 1846 చివర్లో అనుమతి ఇచ్చింది. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకలని కలుపుకుంటూ కట్టారు. రాతి కట్టడం పొడవే దాదాపు 12,000 అడుగులు, ఎత్తు 12 అడుగులు. ఇక్కడే అసలు సమస్య. ఇంత రాయి ఎక్కణ్ణుంచి తేవాలి?

ధవళేశ్వరాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం అక్కడి కొండలు. నది ఒడ్డుకి దగ్గర్లోనే ఇసుకరాయి కొండలున్నాయి. కానీ దగ్గర అనేది కాలినడకన వెళ్లేవాడికి. లక్షల బండ్ల రాయి మోయాలంటే అదే దూరం కొండంత. పైగా పని చేయడానికి ఏడాదిలో దొరికేది కొద్ది నెలలే. సంక్రాంతి దాటాక నది తగ్గితే మొదలుపెట్టాలి, జూన్‌లో వరద రాకముందే ఆ ఏటి పని ఒక దశకి చేర్చాలి. సగంలో వదిలేస్తే వరద వచ్చి మొత్తం ఊడ్చుకుపోతుంది. అందుకే క్వారీ నుంచి నది దాకా పట్టాలు వేశారు.

దీన్ని 'గోదావరి డ్యామ్ నిర్మాణ రైల్వే' అని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. దేశంలోని తొలి రైలు దారుల జాబితాల్లో దీనికి 1845 అని తేదీ వేస్తారు. ఆ తేదీని నేను అంత గట్టిగా పట్టుకోను. ఆనకట్టకి అనుమతే 1846 చివర్లో వచ్చింది కాబట్టి, ఈ దారి నిజంగా పనిచేసిన కాలం 1847 నుంచి 1852 అనుకోవడమే సబబు. అయినా బొంబాయి-ఠాణా రైలు కంటే ముందే కదా! ఆ సంగతి మన జిల్లాలో చాలామందికి తెలియదు.

పట్టాలు ఎందుకంత పనికొస్తాయో ఒకసారి చూద్దాం. మట్టి దారిలో ఎడ్లబండి వెళ్తుంటే చక్రం నేలలోకి కొంచెం దిగుతుంది. ప్రతి అడుగుకీ ఆ గుంటలోంచి పైకి ఎక్కుతూ వెళ్లాలి. ఎద్దు బలంలో చాలా భాగం బండిని ముందుకు లాగడానికి కాక ఈ గుంట ఎక్కడానికే పోతుంది. ఏటి ఒడ్డు ఇసకలో అయితే మరీ కష్టం. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లితే ఏదీ దిగదు, అంటుకోదు. మట్టి దారి మీద ఒక టన్నుని కదిలించడానికి కావలసిన బలంలో పదో వంతుతోనో ఇంకా తక్కువతోనో పట్టా మీద అదే బరువు కదులుతుంది. అంటే అదే ఎడ్లజత పది బండ్ల సరుకు లాగగలదు. దానికి తోడు క్వారీ ఎత్తులో, నది పల్లంలో ఉంటాయి. నిండు బండి దిగువకి వస్తుంది, ఖాళీ బండి ఎగువకి వెళ్తుంది. ఆ రోజుల్లో ఇలాంటి క్వారీ పట్టాల మీద ప్రధానంగా పనిచేసింది మనుషుల, పశువుల బలమే. ఇంజన్ పొగ ఊహించుకోకండి.

రాయి అవసరం కట్టడంతో అయిపోలేదు. ఆనకట్ట దిగువన నీళ్లు దూకే చోట విడి రాళ్లు పరుస్తారు. వరద వచ్చినప్పుడల్లా వాటిలో కొన్ని కొట్టుకుపోతాయి, మళ్లీ వేయాలి. గోదావరిని ఆపడమంటే ఒకసారి కట్టి వదిలేసేది కాదు.

కాటన్ పేరు ఊరూరా విగ్రహాల మీద ఉంది. ఆయనకి ఆరోగ్యం పాడై మధ్యలో పని చూసిన కెప్టెన్ ఓర్ పేరు ఎవరికీ గుర్తుండదు. కాటన్‌కి కుడిభుజంగా నిలిచి కూలీలని సమకూర్చిన వీణెం వీరన్న పేరు ధవళేశ్వరం దాటితే తక్కువగా వినిపిస్తుంది. ఇక రాయి కొట్టినవాళ్లు, ఆ బండ్లు తోసినవాళ్లు? రాతి పని, మట్టి పని తరతరాలుగా వడ్డెరల చేతిలో ఉన్న వృత్తులు. వేల మంది చేసిన పని అది. పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఇలా రాయి, మట్టి మోయడానికి పట్టాలు వేయడం ఒక్క గోదావరి ముచ్చట కాదు. ఉత్తరాదిన రూర్కీ దగ్గర సోలానీ నది మీద గంగా కాలువ కట్టినప్పుడు కూడా 1851లో మట్టి మోయడానికి పట్టాలు వేసి ఇంజన్ నడిపారు. మన దేశంలో రైలు మొదలైంది టికెట్ కౌంటర్ దగ్గర కాదు, క్వారీలోనూ కాలువ గట్టు మీదా.

కాలువలున్నాయిగా, రైలెందుకు?

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పట్టాల మీద రాయి మోయించిన కాటనే ఆ తర్వాత జీవితమంతా రైల్వేలకి వ్యతిరేకంగా వాదించారు. ఆయన మాటల్లో సారం ఇదీ: రైలు ఖర్చెక్కువ, మోసేది తక్కువ. అదే డబ్బు కాలువల మీద పెడితే చేలకి నీళ్లూ పారతాయి, సరుకులూ పడవల్లో చవగ్గా వెళ్తాయి. లండన్‌లో పార్లమెంటు కమిటీల ముందు కూడా ఆయన ఈ మాటే చెప్పారు.

గోదావరి డెల్టాలో ఆయన మాట చాలాకాలం నెగ్గింది కూడా. ధవళేశ్వరం నుంచి సామర్లకోట మీదుగా కాకినాడకి కాలువ, అటు ఏలూరు కాలువ ద్వారా కృష్ణా కాలువలతో సంబంధం, అక్కణ్ణుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు. కాకినాడలో పడవ ఎక్కినవాడు సముద్రంలోకి వెళ్లకుండానే మద్రాసు చేరగలిగేవాడు. బియ్యం, బెల్లం, పత్తి, పొగాకు అన్నీ పడవల మీదే.

అందుకే ఎండనేల అనుకునే రాయలసీమకి రైలు ముందొచ్చింది, నీళ్లున్న గోదావరికి ఆలస్యమైంది. మద్రాసు-బొంబాయి లైను కడప, గుత్తి మీదుగా 1871 నాటికి పూర్తయింది. గోదావరి జిల్లా ఇంకో ఇరవై ఏళ్లకి పైగా ఆగింది.

మరి తర్వాత మనసు ఎందుకు మారింది? ముఖ్యంగా కరువు. 1866 ఒరిస్సా కరువులో పది లక్షల మంది దాకా చనిపోయారు. పక్క జిల్లాల్లో బియ్యం ఉన్నా వానల్లో ఆ ప్రాంతానికి చేర్చే దారి లేకపోయింది. 1880 కరువు కమిషన్ దేశంలో ఇంకా వేల మైళ్ల రైలు వేయాలని సిఫారసు చేసింది. కలకత్తా, మద్రాసుల మధ్య తూర్పు తీరం పొడవునా లైను అవసరమన్న వాదనకి అలా బలం వచ్చింది. కరువు మాట నిజమే. దాంతో పాటు సరుకు, ఖనిజం, సైన్యం లెక్కలు కూడా ఉన్నాయన్నది మరిచిపోకూడదు.

నిజాం బొగ్గు, లండన్ వాటాలు

తూర్పు తీరం లైను రాకముందే బెజవాడకి ఇంకో వైపు నుంచి రైలు వచ్చేసింది. హైదరాబాద్ నుంచి. ఈ కథ మన సైట్ చదివేవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది.

హైదరాబాద్‌ని వాడి జంక్షన్ దగ్గర బొంబాయి లైనుతో కలుపుతూ 1874లో నిజాం డబ్బుతో మొదటి లైను వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు, 1871లో, భూగర్భ సర్వే శాఖకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనుక్కున్నారు. బొగ్గు దొరికింది గానీ మధ్యలో అడవి. బొగ్గు చవకైన, బరువైన సరుకు. బండ్ల మీద మోస్తే మోత ఖర్చే దాని ధరని దాటిపోతుంది. పట్టాలు లేని చోట బొగ్గు ఉన్నా లేనట్టే.

1883లో లైనుని వరంగల్ వైపు, తర్వాత బెజవాడ వైపు, చాందా వైపు పొడిగించడానికి లండన్‌లో కంపెనీ పెట్టే ఒప్పందం కుదిరింది. దాని పేరే 'నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే'. 'గ్యారంటీడ్' అన్న మాటలోనే అంతా ఉంది. లండన్‌లో వాటాలు కొన్నవాళ్లకి లాభం వచ్చినా రాకపోయినా 20 ఏళ్ల పాటు 5 శాతం వడ్డీకి నిజాం సర్కారు హామీ. రైలుకి ఆదాయం తగ్గితే ఆ లోటు రాజ్యం ఖజానా నుంచి, అంటే రైతు కట్టిన శిస్తు నుంచి పూడ్చాలి.

దీన్ని హైదరాబాద్‌లో కొందరు ప్రశ్నించారు. ఒప్పందం వివరాలు జనానికి చెప్పండి, మేం చర్చిస్తాం అన్నారు. వాళ్లలో ముఖ్యులు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ, ఆయన మిత్రుడు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. 'చాందా రైల్వే ఆందోళన' అని దానికి పేరు. ఫలితం? 1883 మే నెలలో అఘోరనాథ్‌ని హైదరాబాద్ నుంచి బహిష్కరించారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం గురించి మన ఇళ్లలో తెలిసింది తక్కువ. అరబ్బీ గ్రంథాలు అచ్చువేసిన దాయిరతుల్ మఆరిఫ్ స్థాపకుల్లో ఆయనొకరు. కాంగ్రెస్ పుట్టిన తొలి రోజుల్లోనే దానికి మద్దతిచ్చిన హైదరాబాదీ ముస్లిం. ఒక హిందూ ప్రొఫెసరు, ఒక ముస్లిం ఆలిం కలిసి రైలు లెక్కలు అడిగిన సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉండి ఉంటే బాగుండేది.

వాళ్ల అనుమానం ఊరికే పుట్టింది కాదని అయిదేళ్లలో తేలింది. 1886లో లండన్‌లో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి గనుల హక్కులు దక్కాయి. ఆ వ్యవహారంలో నిజాం సర్కారు తరఫున మాట్లాడిన అధికారి అబ్దుల్ హక్. సర్కారు చేత అదే కంపెనీ వాటాలు ఎక్కువ ధరకి కొనిపించి తాను లాభపడ్డాడన్న ఆరోపణ మీద ఆయన పదవి పోయింది. 1888లో లండన్‌లో హౌస్ ఆఫ్ కామన్స్ కమిటీ విచారణ దాకా వెళ్లింది. గనులు, రైళ్లు, వాటాలు, కమిషన్లు... ఇప్పుడు టీవీలో వచ్చే వార్తలు కొత్తవేం కావు.

గొడవ గొడవే, పని పనే. డోర్నకల్ నుంచి ఇల్లెందు బొగ్గు గనులకి శాఖ 1888లో, అసలు లైను బెజవాడ దాకా 1889లో వచ్చాయి. ఇల్లెందు దగ్గరి సింగరేణి అనే చిన్న ఊరి పేరే తర్వాత కంపెనీ పేరైంది. 1920లో అది సింగరేణి కాలరీస్. 1930లో నిజాం సర్కారు రైల్వేని కంపెనీ చేతుల్లోంచి తీసుకుంది, 1945లో సింగరేణిలో పెద్ద వాటా కొంది. ఎవరి నేల కింద బొగ్గో ఆ రాజ్యం చేతికి గని రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

సామర్లకోట ఎలా జంక్షనైంది

బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893 నుంచి 1896 మధ్య దశలవారీగా తెరుచుకుంది. సామర్లకోట దాని మీద వచ్చిన స్టేషనే. అక్కణ్ణుంచి కాకినాడ రేవుకి శాఖ.

పెద్దాపురం అప్పటికే పేరున్న ఊరు. సంస్థానం, కోట, పట్టు నేత. రైలు దాన్ని పక్కన పెట్టి సామర్లకోట గుండా ఎందుకు పోయింది? పటం తీసి చూస్తే సమాధానం కొంత కనిపిస్తుంది. రాజమండ్రి, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, మేడపాడు, సామర్లకోట, పిఠాపురం. లైను డెల్టా అంచుని పట్టుకుని వెళ్తుంది. ఇటు మెట్ట, అటు పల్లం. పల్లంలోకి దిగితే ప్రతి మైలుకీ కాలువ, డ్రెయిన్, వంతెన. మెట్ట మీదికి ఎక్కితే ఎత్తుపల్లాలు. పెద్దాపురం పాండవుల మెట్ట పక్కన, ఆ ఎత్తు వైపు ఉంది. సామర్లకోటకి అప్పటికే కాలువ ఉంది, కాకినాడ దగ్గర. పడవలో వచ్చిన సరుకు రైలెక్కడానికి అంతకంటే అనువైన చోటు దొరకదు. సర్వే చేసే ఇంజనీరు సంస్థానం గొప్ప చూడడు, వాలు చూస్తాడు.

లైను పడ్డాక లెక్కలు మారాయి. సామర్లకోటలో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. పెద్దాపురం వ్యాపారి సరుకు పంపాలన్నా తేవాలన్నా సామర్లకోటకి బండి కట్టాల్సి వచ్చింది.

ఒక పెద్ద అడ్డంకి మాత్రం మిగిలింది. గోదావరి. ఇటు రాజమండ్రి దాకా, అటు కొవ్వూరు దాకా పట్టాలున్నాయి, మధ్యలో నది. వంతెన పని 1897 నవంబర్ 11న మొదలైంది. 1900 ఆగస్టు 30న రైలు దాటింది. ఇంజనీరు వాల్టన్. మద్రాసు గవర్నర్ హేవ్‌లాక్ పేరు పెట్టారు. ఒక్కొక్కటి 150 అడుగులున్న 56 కానాలు. దాదాపు వందేళ్లు పనిచేసి 1997లో రిటైరైంది. స్తంభాలు ఇప్పటికీ నదిలో అలాగే నిలబడి ఉన్నాయి. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు వెళ్లేది కొత్త వంతెనల మీద.

ఆ వంతెన మన కుటుంబాలకి ఏం చేసిందో ఒక్క ఉదాహరణ. 1900 తర్వాత సామర్లకోటలో రైలెక్కిన హజ్ యాత్రికుడు బెజవాడ, హైదరాబాద్, వాడి మీదుగా బొంబాయి ఓడ దగ్గరికి పట్టాల మీదే చేరగలిగాడు. అంతకుముందు వారాలు పట్టే ప్రయాణం రోజుల్లోకి వచ్చింది. బొంబాయి నుంచి హజ్ ఓడలు 1995 దాకా నడిచాయి. దాదాలు, నానాలు ఓడలో హజ్‌కి వెళ్లిన కథ మీ ఇంట్లో ఉంటే, ఆ కథ మొదటి మజిలీ చాలావరకు ఇదే స్టేషన్.

అటు కాకినాడ వైపు దిగినవాళ్ల కథ వేరు. కాకినాడ రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు. మన వాళ్ల నోట అది 'రంగం'. బియ్యం మిల్లుల్లో, రేవులో కూలి పని కోసం గోదావరి, విశాఖ జిల్లాల నుంచి వేల మంది ఏటా వెళ్లేవారు. రైలు వాళ్లని రేవుకి చేర్చడం సులువు చేసింది. ఊళ్లో కూలి దొరక్క దేశం దాటడం కూడా సులువు చేసింది. 1941 డిసెంబర్‌లో జపాన్ రంగూన్ మీద బాంబులు వేశాక ఆ జనం వెనక్కి నడిచి వచ్చారు, దారిలో ఎందరో పోయారు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి.

మాంగనీసు, విశాఖ రేవు

తీరం పొడవునా ఇంకాస్త పైకి, విజయనగరం వైపు వెళ్తే మళ్లీ గనులే. అక్కడి కోడూరు దగ్గర 1892 ప్రాంతంలో మాంగనీసు తవ్వడం మొదలైంది. దేశంలో మాంగనీసు తవ్వకానికి అదే ఆరంభం. ఉక్కు తయారీకి మాంగనీసు కావాలి. యూరప్ కొలిమిలన్నీ దాన్ని అడుగుతున్న రోజులవి. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఈస్ట్ కోస్ట్ లైను వస్తోంది. ఖనిజం, పట్టాలు ఒకే సమయంలో కలిశాయి.

ఆ తర్వాత మధ్య పరగణాల ఖనిజాన్ని కూడా సముద్రానికి తేవాలని విజయనగరం-రాయపూర్ లైను వేశారు. 1931లో అది పూర్తయింది. రెండేళ్లకి, 1933లో, విశాఖపట్నం హార్బరు తెరిచారు. దాంతో కాకినాడ కథ తిరగబడింది. కాకినాడలో గోదావరి ఒండ్రు వల్ల ఒడ్డు దగ్గర లోతు లేదు. ఓడలు దూరంగా ఆగేవి, సరుకుని పడవల్లో మోయాలి. విశాఖలో ఓడ నేరుగా లోపలికి వస్తుంది. ఖనిజం అటు తిరిగింది, పెద్ద ఓడలు అటు తిరిగాయి. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి కొత్తవలస-కిరండూల్ లైను వేసినప్పుడు కూడా అదే సూత్రం. కొండల్లో ఖనిజం, తీరంలో రేవు, మధ్యలో పట్టాలు. అరకు చూడ్డానికి మనం ఎక్కే అద్దాల బోగీ ఆ ఖనిజం లైను మీదే వెళ్తుంది.

తీసేసిన పట్టాలు

గనీ రేవూ లేని చోట ఏమవుతుందో కోనసీమ వాళ్లని అడగాలి. కాకినాడ నుంచి కోటిపల్లికి సుమారు 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. మనుషులు, కొబ్బరికాయలు, ధాన్యం. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని ఆ పట్టాలు పీకేసి తీసుకెళ్లారు. పన్నెండేళ్లు నడిచిన లైను అరవై ఏళ్లకి పైగా మట్టికట్టగా మిగిలిపోయింది. బొగ్గు లైను పట్టాలు ఎవరూ పీకలేదని గమనించండి.

లోక్‌సభ స్పీకర్ బాలయోగి ఈ లైను కోసం పట్టుబట్టారు. ఆయన 2002లో పోయారు, లైను 2004లో మళ్లీ తెరుచుకుంది. కొన్నేళ్లు ఒక్క బోగీ రైల్‌బస్సు తిరిగింది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీద వంతెనలు కావాలి. హేవ్‌లాక్ వంతెన మూడేళ్లలోపే లేచింది. ఈ మూడు పాయల పని ఇరవై ఏళ్లు దాటినా సాగుతూనే ఉంది.

ఈ రైల్వేలన్నిటి భాషలో మన భాష ఎంతుందో కూడా చూడండి. ఖలాసీ, జమాదారు, గుమాస్తా, దఫ్తరు, ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయాయి. మేస్త్రీ మాత్రం పోర్చుగీసు వాళ్లది. రైల్వేలో ఖలాసీగా చేరి ఫిట్టరుగానో పాయింట్స్‌మన్‌గానో రిటైరైన పెద్దలున్న ఇళ్లు సామర్లకోట, రాజమండ్రి, బెజవాడ, కాజీపేటల్లో చాలా ఉన్నాయి. వాళ్ల సర్వీసు పుస్తకాలు, పాసులు, పింఛను కాగితాలు ఇంట్లో ఉంటే పాత సామాన్లతో పాటు కాగితాల బండికి వేయకండి. పుట్టిన తేదీ, ఊరు, తండ్రి పేరు సర్కారు ముద్రతో ఉన్న కాగితం మన ఇళ్లలో అదొక్కటే అయ్యుండొచ్చు.

పిల్లలతో ఒకరోజు తిరిగి రావాలనుకుంటే రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఎనిమిది కిలోమీటర్ల లోపే. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన కొత్త బ్యారేజీ ఉంది. దాని దగ్గరే కాటన్ మ్యూజియం, ఆవరణలో పాతకాలపు యంత్రాలు. అవి చూసి బయటికొచ్చాక నది వైపు కాకుండా ఒకసారి వెనక్కి, కొండ వైపు చూడండి. ఆ రాయి వచ్చింది అటునుంచే.